అడవి ఖాళీగా లేదు

సెలవులొస్తే పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని రాజ్యాలు కడుతుంటారు. చెట్లు కొట్టు, గనులు తవ్వు, పాయింట్లు పెంచుకో! ఆ అడవి ఎవరిదని ఏ ఆటా అడగదు. 1995లో జర్మనీలో వచ్చిన 'కాటాన్' బోర్డు ఆటలోనూ అంతే, మనం దిగేసరికి దీవి ఖాళీగా ఉంటుంది.

మన మన్యంలో తెల్లదొరలు ఆడిందీ ఇదే ఆట. 1882 మద్రాసు అటవీ చట్టంతో, పోడు చేసుకు బతికే కోయలు, కొండరెడ్లు సొంత కొండల్లోనే దోషులయ్యారు. రూల్సు రాసింది దొరలు, ఓడాల్సింది వీళ్లు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడింది ఆ రూల్సు ఒప్పుకోలేకే.

2014లో అలాస్కా ఆదివాసీ మండలి ఒకటి తానే పూనుకుని 'నెవర్ ఎలోన్' అనే వీడియో గేమ్ తెచ్చింది. ఇనుపియాట్ పెద్దలు చెప్పిన కథ, వాళ్ల భాషలోనే వినిపిస్తుంది.

రేపు మన్యం మీద ఎవరైనా గేమ్ చేస్తే విల్లంబుల బొమ్మలు గీస్తే చాలదు. రూల్సు రాసేచోట రంపచోడవరం పిల్లలూ కూర్చోవాలి. మన పులి-మేక ఆట గుర్తుందిగా? అందులో మేకలు కలిసి నిలబడితే పులికి దారి ఉండదు!