పాటకు ముందు

బేస్తవారిపేటలో ఒక బంధువుల ఇంట్లో అటక సర్దుతుంటే ఈమధ్య ఒక క్యాసెట్ బయటపడింది. పైన అతికించిన కాగితం మీద నీలి సిరాతో ‘గద్దర్ సభ’ అని రాసి ఉంది. ఏ ఊరో, ఏ ఏడో లేదు. క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు మాత్రం విరిచేసి ఉన్నాయి. అవి విరిస్తే దాని మీద మరొకటి రికార్డు కాదు. మార్కాపురం పలకలు చేసే సీమ మనది. రాసింది తుడవడం, మళ్లీ రాయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. దీన్ని మాత్రం ఎవరూ తుడవకూడదని ఆ ఇంట్లో ఎవరో గట్టిగా అనుకున్నారు.

వదులైన రిబ్బన్‌ను పెన్సిల్‌తో తిప్పి బిగించి, టేప్‌రికార్డర్లు బాగుచేసే మిత్రుడి దగ్గర పెట్టించాం. మొదట గరగర. తర్వాత చంటిపిల్ల ఏడుపు, మైకు కీచుమనడం, ఎవరో ‘ముందోళ్లు కూచోండయ్యా’ అని అరవడం. పాట ఎత్తుకోబోయే ముందు రెప్పపాటు సేపు గద్దర్ గొంతే నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపించింది. ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న టేపులో ఒక పొర మీది శబ్దం పక్క పొరకు అంటుకుంటుందట. ఎండకు కాగే అటక మీద అది ఇంకా ఎక్కువని మిత్రుడు చెప్పాడు.

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గొంగడి, కర్ర, గజ్జెలతో జనం ముందు నిలబడితేనే గద్దర్. పల్లవి ఆయన ఎత్తుకుంటే జనం అందుకునేవాళ్లు. స్టూడియో పాటలో ఆ జనం ఉండరు. 1990లో అజ్ఞాతం వీడి వచ్చాక హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకు జనం పోటెత్తారు. అప్పటి మన ప్రకాశం జిల్లాకైతే ఆయన పాటతో రక్తసంబంధమే ఉంది. 1985 జులై 17న కారంచేడులో దళితులను నరికి చంపినప్పుడు ఆయన కట్టిన పాట పత్రిక చదవడం రాని వాళ్లకూ ఆ ఘోరాన్ని చేరవేసింది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన రాజకీయాలతో విభేదించిన వాళ్లు ఎందరో ఉన్నారు, ఉంటారు. ఆ గొంతు విన్న రాత్రిని మరిచిపోయిన వాళ్లు మాకు తారసపడలేదు.

రికార్డు చేసి దాచుకున్న సభ ఎంతకాలం నిలుస్తుందో చూడండి. అమెరికాలో నల్లవారి హక్కుల కోసం నిలబడిన గాయకుడు పాల్ రోబ్సన్ పాస్‌పోర్టును 1950లో అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. దేశం దాటనివ్వకపోతే ఆయన 1952 మే 18న కెనడా సరిహద్దుకు వెళ్లి, ఇవతలి గట్టునే లారీ మీద నిలబడి అవతలి వాళ్లకూ వినపడేలా పాడాడు. గని కార్మికుల సంఘం ఆ కచేరీ ఏర్పాటు చేసింది, రికార్డుగానూ తెచ్చింది. అందుకే డెబ్బై ఏళ్లు దాటినా తేదీతో సహా అది మనకు వినిపిస్తోంది. గద్దర్ 2023 ఆగస్టు 6న వెళ్లిపోయారు. మన పల్లెల్లో ఆయన పాడిన రాత్రులు అటకల మీద, ట్రంకుపెట్టెల్లో బూజు పడుతున్నాయి. ఎవరింట్లో ఉన్నా దయచేసి తీయండి, కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఏ ఊరి సభో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయండి. శుభ్రం చేస్తామని ఆ ఏడుపులూ కేకలూ మాత్రం తీసేయించకండి.

క్యాసెట్‌ను ఇంటికి తెచ్చి వినిపించినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ మంచం మీద లేచి కూర్చుంది. పాట మొదలైంది, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“పాట కాదు నాయనా, ముందుది పెట్టు. కూచోండయ్యా అని అరిచింది మా మరిది. పోయి పన్నెండేళ్లయింది.”

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాం.