వేన్నీళ్లకు చన్నీళ్లు

"వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు" అన్నది తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తున్న సామెత. ఇంటికి వచ్చే ప్రధానమైన ఆదాయానికి మరొక చిన్న రాబడి తోడైతే సంసారం సుఖంగా సాగుతుందని దాని భావం. అయితే ఈ సామెతలో తోడును గురించిన మాటతో పాటు కొలతను గురించిన హెచ్చరిక కూడా ఉంది. మరిగిన నీటిలో తగినంత చన్నీరు కలిపితే అవి స్నానానికి అనువవుతాయి. మోతాదు మించితే కాల్చిన కట్టెలూ వృథా, పడిన శ్రమా వృథా. ఉద్యోగం చేస్తూనే మరొక పనిని ఎన్నుకోదలచినవారు ఈ రెండవ అర్థాన్ని కూడా గ్రహించవలసి ఉంది.

నెల జీతగాడు రెండవ పనిని కోరుకోవడం అత్యాశ కాదు. పిల్లల చదువులు, వృద్ధులైన తల్లిదండ్రుల వైద్యం, ఇంటి అప్పు, ధరల పెరుగుదల అతనిని ఆ దారి పట్టిస్తాయి. ఉన్న ఉద్యోగం రేపు ఉంటుందో ఉండదో అన్న భయం కూడా అందుకు తోడవుతుంది. కాబట్టి రెండవ పని చేయవచ్చునా, కూడదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎటువంటి పనిని ఎన్నుకోవాలి అన్నదే ప్రశ్న. ఎంత వస్తుందన్న లెక్క ఒక్కటే వేసుకొని ఎన్నుకొనేవాడు తరచుగా మోసపోతాడు. ఆ రాబడి ఎవరి నుండి, దేని నుండి వస్తున్నదన్న లెక్క కూడా వేసుకొనేవాడే వివేకి.

ఈ వివేకానికి టేకులపల్లి పరిసరాలు చక్కని ఉదాహరణగా నిలుస్తాయి. పేరులోనే టేకును నిలుపుకొన్న ఈ ఊరు ఇల్లందు నుండి కొత్తగూడెం వెళ్లే దారిలో ఉంది. పూర్వం ఖమ్మం జిల్లాలో ఉండి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఇల్లందు సమీపంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. అక్కడ మొదలైన గనుల తవ్వకం 1920 నుండి సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో సాగుతూ వచ్చింది. టేకులపల్లి మండలంలోని కోయగూడెంలో కూడా ఉపరితల గనిని తవ్వారు. ఈ విధంగా ఇక్కడ గడియారాన్ని అనుసరించే గని ఉద్యోగమూ, ఋతువులను అనుసరించే అటవీ జీవనమూ పక్కపక్కనే ఉన్నాయి.

కోయ గూడేలలోను, లంబాడా తండాలలోను జీవించేవారికి ఒకే పని ఏడాది పొడవునా అన్నం పెట్టదు. ఎండలు ముదిరే వేళ ఇప్పపూలు రాలుతాయి. తెల్లవారుజామున వెళ్లి వాటిని ఏరుకొంటారు. ఆ తరువాత తునికాకు కాలం వస్తుంది. ఉదయమే అడవికి వెళ్లి ఆకు కోసి, ఇంటికి తెచ్చి, యాభై ఆకులను ఒక కట్టగా కట్టి, కల్లానికి చేరుస్తారు. తొలకరి పడగానే అడవి పనులు వెనుకకు తగ్గి, సేద్యం ముందుకు వస్తుంది. చలికాలంలో పత్తి తీతలు, ఆ తరువాత మిరప కోతలు, చింతపండు సేకరణ కొనసాగుతాయి. వీరి పనులు అనేకం. కాని ఒకటి మరొకదాని కాలాన్ని అపహరించదు. ఒకటి ముగిసిన చోట మరొకటి ఆరంభమవుతుంది.

ఈ జీవనాన్ని కేవలం అందమైనదిగా భావించడం సరికాదు. ఇది ఇష్టంతో ఎన్నుకొన్న ఏర్పాటు కాదు, అవసరం నేర్పిన ఏర్పాటు. అయినా దానిలో ఉద్యోగి గ్రహించదగిన సూత్రం ఒకటుంది. రెండవ పని మొదటి పనికి ఖాళీ ఉన్న చోటనే ఇమడాలి గాని, దాని చోటును ఆక్రమించకూడదు.

ఉద్యోగికి ఋతువుల విరామం లేదు. అతనికి మిగిలేది రోజులో కొన్ని గంటలు మాత్రమే. అందులో నిద్రకు చెందిన గంటలను ఖాళీ సమయంగా లెక్కించడం మొదటి పొరపాటు. గని కార్మికుడు రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి, పగలంతా ఆటో నడిపి, మరల రాత్రికి పనిలోకి వెళ్లాడనుకొందాం. ఆటో మీద వచ్చిన సొమ్ము లెక్కకు కనబడుతుంది. పోయిన నిద్ర కనబడదు. కాని బొగ్గు మోసే భారీ వాహనం నడిపేవాని కన్ను ఒక్క క్షణం మూతపడితే ప్రమాదం అతనొక్కనిది కాదు, చుట్టూ పనిచేసేవారందరిది. 1952 నాటి గనుల చట్టం ఒక గనిలో పనిచేసిన వ్యక్తిని 12 గంటలు గడవకుండా మరొక గనిలో పనికి అనుమతించరాదని విధించింది. అంతకుముందే వచ్చిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా, ప్రత్యేక పరిస్థితులలో తప్ప, ఒకే రోజున రెండు ఫ్యాక్టరీలలో పనిచేయడాన్ని నిషేధించింది. విశ్రాంతి సోమరితనం కాదని, అది పనిలో ఒక భాగమని ఆ చట్టాల అంతరార్థం. అలసిన శరీరాన్ని మరింత అలసటకు గురిచేసే ఉపవృత్తి ఎంత లాభసాటిగా ఉన్నా విడిచిపెట్టదగినదే.

యజమానికీ ఉద్యోగికీ మధ్య ఉన్న నమ్మకం రెండవ పరీక్ష. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి, ముందుగా అనుమతి పొందకుండా వ్యాపారం గాని, మరొక ఉద్యోగం గాని చేయరాదని శాసించింది. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, విజ్ఞాన సంబంధమైన కృషికి మాత్రం, విధులకు భంగం కలగనంతవరకు, వెసులుబాటు కల్పించింది. భార్య పేరిట దుకాణం పెడితే సరిపోతుందని కొందరు భావిస్తారు. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తున్నప్పుడు ఆ విషయాన్ని తెలియజేయాలని కూడా ఆ నియమావళిలోనే ఉంది. ప్రైవేటు రంగంలోనూ ఈ వివాదం తలెత్తింది. పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారన్న కారణంతో 300 మందిని తొలగించినట్లు 2022లో విప్రో సంస్థ అధిపతి రిషద్ ప్రేమ్‌జీ ప్రకటించారు. పని గంటలు ముగిసిన తరువాతి కాలం ఉద్యోగి సొంతం కాదా అన్న వాదన అప్పుడు బలంగా వినిపించింది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. జీతమిచ్చేవాడు పని గంటలను కొంటాడే గాని మనిషిని కొనడు. కాని చాటుగా చేసే పని వెంట ఎప్పుడు బయటపడుతుందో అన్న భయం కూడా వస్తుంది. అడిగి చేయగలిగిన పని చిన్నదైనా, దాచి చేయవలసిన పని కంటే మేలు.

మూడవ పరీక్ష అన్నింటిలోనూ కఠినమైనది. ఆ రాబడి ఇరుగుపొరుగువారి నష్టం నుండి పుట్టకూడదు. ఏజెన్సీ ప్రాంతంలో నెలనెలా చేతికి జీతం వచ్చేవాడు చుట్టుపక్కలవారి కంటే బలవంతుడు. ఆ బలంతో అతడు సులభంగా చేయగలిగిన ఉపవృత్తులు రెండు ఉన్నాయి: వడ్డీ వ్యాపారం, భూముల కొనుగోలు. రెండింటికీ ఒళ్లు అలవదు, నిద్ర చెడదు. అందుకే అవి ఆకర్షిస్తాయి. కాని విత్తనాల కోసం అప్పు తీసుకొన్న గిరిజన రైతు పంట ఇంటికి రాకముందే దానిని వడ్డీకి సమర్పించుకోవలసి వస్తే, ఆ ఉద్యోగి ఇంటికి వచ్చినది ఆదాయం కాదు, మరొకరి అన్నం. ఈ దోపిడీని అరికట్టడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. షెడ్యూల్డు ప్రాంతాలలో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1960లో నిబంధనలు వచ్చాయి. గిరిజనుల భూములు అన్యాక్రాంతం కాకుండా 1959లో చేసిన నిబంధనలను 1970లో మరింత బిగించారు. ప్రజలు దానినే '1/70 చట్టం' అంటారు. చట్టం కన్ను కప్పి బినామీ పేర్లతో భూమి సంపాదించినవాడు, తన బిడ్డ చదువు కోసమే ఆ పని చేశానని చెప్పుకోవచ్చు. భూమి కోల్పోయినవానికి కూడా బిడ్డలున్నారని అతడు మరువరాదు.

సొంత ఇంటిలోనే మరొకరి శ్రమను లెక్కించకపోవడం కూడా ఇటువంటిదే. ఉద్యోగి రెండు గేదెలను కొని పాడి ప్రారంభించానంటాడు. వాటికి మేత వేసి, కుడితి పెట్టి, పేడ ఎత్తి, పాలు పితికేది చాలా ఇళ్లలో ఇల్లాలు. వంటపని, పిల్లల పోషణ ముందే మోస్తున్న ఆమెకు భర్త చెప్పుకొనే ఉపవృత్తి మరొక బరువుగా మారుతుంది. ఆమె సమ్మతి, ఆమె ఓపిక, ఆ రాబడిపై ఆమె హక్కు నిర్ణయంలో చేరనిదే అది కుటుంబ నిర్ణయం అనిపించుకోదు.

ఇక పెట్టుబడి సంగతి. పోయినా తట్టుకోగలిగినంత సొమ్ముతోనే కొత్త పనిని ప్రారంభించడం క్షేమం. అప్పు తెచ్చి పెట్టిన కోళ్లఫారం రోగం వచ్చి మూతపడితే, జీతానికి తోడు కావలసినది జీతాన్నే మింగివేస్తుంది. మరికొందరిని చేర్పిస్తే చాలు, ఇంట కూర్చొని లక్షలు గడించవచ్చునని నమ్మించే గొలుసుకట్టు పథకాలు ఇంకా ప్రమాదకరమైనవి. వాటిలో సొమ్ముతో పాటు బంధుత్వాలు కూడా పోతాయి. తెలిసిన విద్యను, చిన్న మొత్తంతో, ఒక్క ఋతువు పాటు పరీక్షించి చూడడం ఉత్తమం. కుట్టుపని, కూరగాయల సాగు, సెలవు దినాలలో యంత్రాల మరమ్మతు ఇటువంటి పరీక్షకు అనువైనవి.

రెండవ పని ఎల్లప్పుడూ ధనం కోసమే కానక్కరలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి సవరల భాషను పట్టుదలతో నేర్చుకొని, వారి పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు నడిపారు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనకు పూనుకొన్నారు. బెర్న్ నగరంలోని పేటెంటు కార్యాలయంలో ఉద్యోగిగా ఉంటూనే ఐన్‌స్టీన్ 1905లో సాపేక్ష సిద్ధాంతాన్ని ప్రకటించాడు. జీతం వారి ఇంటిని నిలిపింది. తీరిక వేళల కృషి వారి పేరును నిలిపింది.

అయితే ఈ విచక్షణ అంతా ఎన్నుకొనే అవకాశం ఉన్నవారికే చెల్లుతుంది. ఒక పూర్తి దినం కష్టపడినా ఇల్లు గడవని కాంట్రాక్టు కార్మికునికి రెండవ పని ఉపవృత్తి కాదు, జీవనాధారంలో రెండవ సగం. అటువంటివానిని చూసి ఎంత కష్టజీవి అని మెచ్చుకొని ఊరుకోవడం సమాజానికి తగదు. ఒక ఉద్యోగం ఒక కుటుంబాన్ని పోషించలేకపోతున్నదంటే లోపం ఆ మనిషిలో లేదు, అతనికి లభించే కూలిలో ఉంది. దానిని సరిదిద్దడం సమాజపు బాధ్యత.

అవకాశం ఉన్నవారు మాత్రం పని మొదలుపెట్టే ముందు నిదానించి ఆలోచించాలి. నిద్రను దొంగిలించనిది, దాచి చేయనక్కరలేనిది, పొరుగువానిని, ఇంటివారిని పీడించనిది, పోయినా ఇల్లు కూలనిది అయిన పని దొరికితే, రాబడి కొంచెమైనా అది నిజమైన తోడు. సంపాదన పెరిగిన కొద్దీ మనశ్శాంతి తరిగిపోతుంటే చన్నీళ్లు ఎక్కువయ్యాయని తెలుసుకొని, చెంబును పక్కన పెట్టడం విజ్ఞుల లక్షణం.