పేరు వెనుక కథ: హైడ్రా

జంతుశాస్త్ర విద్యార్థి హైడ్రా పటమును చూడకయే గీయగలడు. స్పర్శకములను గుర్తించి, కోరకీభవనమును వివరింపగలడు. కాని ఆ జీవికి ఆ పేరెట్లు వచ్చినదని అడిగినచో మౌనమే సమాధానము. సాహిత్య విద్యార్థి గ్రీకు గాథలోని హైడ్రాను ఎరిగియుండవచ్చును. అదే పేరుగల జీవి చెరువునీటిలో మొక్కలనంటి బ్రతుకుచున్నదని ఎరుగడు. ఈ రెండు తరగతుల నడుమనున్న గోడను గూర్చియే మా విచారము.

గ్రీకుల కథలో హైడ్రా, లెర్నా చిత్తడినేలలోని బహుశిరస్సుల జలసర్పము. ఒక తల నరికిన రెండు మొలిచెడివి. హెరాక్లీసు తలలు నరుకుచుండగా, ఇయొలాసు ఆ గాయములను నిప్పుతో కాల్చి మరల మొలవకుండ చేసెను.

1740లో జెనీవాకు చెందిన అబ్రహాం ట్రెంబ్లే, హాలెండులో ఒక చిన్న నీటిజీవిని రెండుగా కోసెను. రెండు తునకలును రెండు పూర్ణజీవులైనవి. తలభాగమును చీల్చగా బహుశిరస్సుల జీవియే ఏర్పడినది! 1758లో లిన్నేయస్ తన గ్రంథమున ఆ ప్రజాతికి హైడ్రా అను పేరునే ఉంచెను. శాస్త్రము కథను త్రోసివేయలేదు. దానిలో తగిన మాటను వెదకికొన్నది.

ఈ పేరు ఆకాశమునను కలదు. టాలెమీ పేర్కొన్న ఆ సర్పరాశిని అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ 964లో తన నక్షత్రగ్రంథమున వర్ణించెను. అందలి ప్రకాశవంతమైన తారకు నేటికిని అరబ్బుల పేరే నిలిచియున్నది: అల్‌ఫర్ద్, అనగా ఒంటరిది. ఉర్దూ చదువరులకు ‘ఫర్ద్’ పరిచితమే. మన పంచాంగములోని ఆశ్లేష ఆ సర్పము శిరోభాగమే. దాని అధిదేవతలును సర్పములే.

“పురాణముల పేర్లు మనకెందుకు?” అను ప్రశ్న మా తెలుగు తరగతిలో అప్పుడప్పుడు వినబడుచుండును. క్రైస్తవుడైన లిన్నేయస్ గ్రీకు పేరును స్వీకరించెను. ముస్లిమైన సూఫీ గ్రీకు రాశులను శ్రద్ధతో పరిశీలించెను. వారి విశ్వాసమునకు కొరత కలుగలేదు. ఒక పేరును తెలిసికొనుట వేరు, ఆరాధించుట వేరు. కథను ఎరుగనివాడు పదమును సగమే ఎరిగినవాడు.

కావున శాస్త్రాధ్యాపకులు పాఠారంభమున పేరు పుట్టుకకు రెండు నిమిషములు కేటాయింపవలెనని మా మనవి. భాషాధ్యాపకులమైన మేమును ఒక్కమారైన ప్రయోగశాలకు పోయి, సూక్ష్మదర్శినిలో ఆ జీవిని కన్నులార చూడవలెను. విద్యార్థి రెండు తరగతులలోను విన్న మాట ఒక్కటేయని అప్పుడు గ్రహించును.