36 అంగుళాల మీద ఇంత కోపమెందుకు?

అమెరికాలో బేస్‌మెంట్ ఫినిష్ చేయిస్తున్న మనవాళ్ల నోట తరచూ వినిపించే మాట: "మన ఇల్లు, మన మెట్లు. మధ్యలో కౌంటీ వాళ్ల పెత్తనమేమిటి?" పర్మిట్ ఫీజులు, ఇన్‌స్పెక్టర్ కోసం పడిగాపులు చిరాకే, కాదనను. ఆ చిరాకంతా తీసుకెళ్లి మెట్ల ల్యాండింగ్ మీద చూపిస్తేనే పేచీ.

ఇంతకీ అక్కడి ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అడిగేదెంత? మెట్ల వరుసకు పైనా కిందా నిలబడే చోటు. వెడల్పు మెట్ల వెడల్పుకు తగ్గకూడదు, తిన్నని మెట్లయితే నడిచే దిశలో 36 అంగుళాలుండాలి. (రాష్ట్రాన్నిబట్టి, ఊరినిబట్టి కొద్దిపాటి మార్పులుంటాయి.) పైన తలుపు మెట్ల మీదకు తెరుచుకోకపోతే, ఇంటి లోపలి మెట్లకు పై ల్యాండింగ్ కూడా అక్కర్లేదంటుంది. ఇంతకన్నా పట్టువిడుపులు ఇంకేం కావాలి?

ఆ తలుపు సంగతే చూడండి. భోజనాలయ్యాక అత్తగారు గిన్నెల ట్రేతో పైకొస్తున్నారు. రెండు చేతులూ ఖాళీ లేవు, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం. ఆవిడ పై మెట్టు దాకా వచ్చేసరికి వంటింట్లోంచి మనవడు తలుపు తోశాడు. ల్యాండింగ్ ఉంటే ఓ అడుగు వెనక్కి వేసి నిలబడతారు. లేకపోతే ఆ అడుగు కింది మెట్టు మీద పడాలి, అదీ చూడకుండా.

"ఇల్లు కట్టినప్పుడు పాసైన మెట్లేగా" అంటారు. అప్పుడు వాటిని దిగింది ఫర్నేస్ ఫిల్టర్ మార్చడానికి. ఇప్పుడు పుట్టినరోజు పార్టీకి ముప్పై మంది దిగుతారు. పాత మెట్లకు అధికారి కొంత సడలింపు ఇస్తే ఇవ్వొచ్చు. ఆఖరి మెట్టుకు రెండడుగుల్లో హోమ్ థియేటర్ కోసం కొత్తగా లేపిన గోడ పాతదెలా అవుతుంది?

విడ్డూరమేమిటంటే, వాస్తు సిద్ధాంతి ఫోన్లో చెబితే అదే గోడను మారుమాట్లాడకుండా జరిపిస్తాం. మెట్లు బేసి సంఖ్యలో ఉన్నాయా అని లెక్కపెట్టుకుంటాం. మెట్టు ఎత్తు 7¾ అంగుళాలు దాటిందా అని మాత్రం టేపు పెట్టి చూడం. కింద కొత్త ఫ్లోరింగ్ వేయగానే ఆఖరి మెట్టు ఎత్తు తగ్గిపోతుంది. ఒకే వరుసలో మెట్ల ఎత్తుల తేడా ⅜ అంగుళం మించకూడదని కోడ్ చెప్పేది అందుకే, అలవాటైన కాలు ఆ తేడా దగ్గరే తడబడుతుంది.

తలుపును వంటింటి వైపు తెరుచుకునేలా బిగించుకోవడం పెద్ద పనేం కాదు. గోడ వెనక్కి జరిపితే థియేటర్లో వెనక వరుస రిక్లైనర్ ఒకటి తగ్గుతుంది. తగ్గనివ్వండి.