ప్రమోషన్ వద్దనిపించే ఉద్యోగం

లాస్ వేగాస్ కాసినోలో ముక్కలు పంచే డీలర్‌ను పై మెట్టెక్కమంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. చేతికొచ్చే జీతం తక్కువ, ఇల్లు గడిచేది టిప్పుల మీదే. ఫ్లోర్ సూపర్‌వైజరో, పిట్ బాసో, వాళ్లందరి మీద షిఫ్ట్ మేనేజరో కావాలంటే ముందు ఆ టిప్పులకు నీళ్లొదులుకోవాలి. తొలి మెట్టులోనే బాధ్యత పెరిగి రాబడి తగ్గితే ఎవరు మాత్రం ఎక్కుతారు?

ఆ బాధ్యత చిన్నదేం కాదు. రాత్రి మూడింటికి బ్లాక్‌జాక్ బల్ల దగ్గర ఒకతను గొడవకు దిగుతాడు. ఆ ఆటలో ముక్క కావాలంటే బల్ల మీద వేలితో తట్టాలి, వద్దంటే అరచెయ్యి అడ్డంగా ఊపాలి. కెమెరాకు దొరికే సాక్ష్యం ఆ సైగే. ‘ఊపాను, తట్టలేదు’ అంటాడతను. తట్టాడంటుంది డీలర్. ఆట ఆగిపోతుంది. నిఘా గదిలో వీడియో వెనక్కి తిప్పి చూస్తారు. తీర్పు చెప్పాల్సింది మాత్రం షిఫ్ట్ మేనేజరే. తగాదా సొమ్ము 500 డాలర్లో, అంతకు మించో ఉండి రాజీ కుదరకపోతే నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డుకు వెంటనే తెలపాలని చట్టం. పక్క బల్ల దగ్గర తాగి తూలుతున్నవాణ్ని సముదాయించడం, డ్యూటీకి రాని డీలర్ స్థానంలో మనిషిని వెతకడం కూడా అదే రాత్రి, అదే మనిషి. ఇల్లు చేరేసరికి పిల్లలు బడికి బయల్దేరుతుంటారు.

2006లో విన్ లాస్ వేగాస్ అనే కాసినో డీలర్లకూ సూపర్‌వైజర్లకూ మధ్య రాబడి తేడా సరిచేస్తానంటూ డీలర్ల టిప్పుల్లో సూపర్‌వైజర్లకూ వాటా పెట్టింది. డీలర్లు భగ్గుమన్నారు, మరుసటేడు యూనియన్‌కు ఓటేశారు. వాళ్ల కోపం న్యాయమే. ఆటగాడు మెచ్చి ఇచ్చిన డబ్బుతో యాజమాన్యం తన జీతాల భారం దించుకోవడమేమిటి? 2018లో అమెరికా ప్రభుత్వం చట్టం సవరించి, సిబ్బంది టిప్పుల్లో మేనేజర్లు, సూపర్‌వైజర్లు వాటా తీసుకోకూడదని తేల్చేసింది. మంచిదే. కానీ సూపర్‌వైజర్‌కు పడ్డ గండిని పూడ్చమని ఎవరినీ అడగలేదు. సంఘం కట్టి అడుగుదామన్నా, 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం సూపర్‌వైజర్లకు ఆ హక్కుకు రక్షణ లేకుండా చేసింది.

జీతం ఒక్కటే పెంచితే తృప్తి వచ్చేస్తుందని నేననుకోను. రాత్రి వీడియో చూసి చెప్పిన తీర్పును, అవతలివాడు లక్షలు ఆడే మనిషని పొద్దున్నే పైవాళ్లు తిరగరాస్తే, మర్నాడు ఆ మేనేజర్ డీలర్ల ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? ముందు ఆ తీర్పుకు విలువ ఉండాలి. ఆ తర్వాత, టిప్పులతో కలిపి డీలర్ ఇంటికి తీసుకెళ్లే మొత్తానికి పైనే సూపర్‌వైజర్ జీతం మొదలవ్వాలి. ఆ డబ్బు యజమానే పెట్టుకోవాలి.