కాచాలా? పిండాలా?

తెలుగు ఎమ్మే చదివి ఏం సాధించారండీ అని మా కాలేజీ సైన్సు లెక్చరర్లు మా బోంట్లను వేళాకోళం చేస్తూంటారు. ఒక్క క్రియాపదం అర్థం కోసం గంటసేపు నిఘంటువులు తిరగేసే వాళ్లమంటే వారికి జాలి. వారికి నా దగ్గర ఒక జవాబుంది. క్రియాపదాన్ని శ్రద్ధగా చదివిన ఒక సైన్సు ఆవిడకే నోబెల్ బహుమానం వచ్చింది సుమండీ!

ఆవిడ పేరు తు యూయూ. చైనా దేశస్థురాలు. వియత్నాం యుద్ధకాలంలో సైనికులు మలేరియాతో కుప్పకూలుతున్నారు. అలవాటైన మందులు పనిచెయ్యడం మానేశాయి. 1967లో చైనా ప్రభుత్వం రహస్యంగా కొత్త మందు వేట మొదలుపెట్టింది. 1969లో ఆ భారంలో కొంత ఈవిడ మీద పడింది. ఆవిడ పాత వైద్యగ్రంథాలు తిరగేసింది, ముసలి వైద్యుల్ని అడిగింది, రెండు వేలకు పైగా యోగాలు పోగుచేసింది. ఆవిడా, తోటివారూ కలిసి సుమారు 200 మూలికల నుంచి 380 సారాలు తీసి, మలేరియా సోకిన ఎలుకలకు ఇచ్చి చూశారు.

అందులో చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి 68 శాతం గుణం చూపింది. సంబరపడి మళ్లీ చూస్తే 12 నుంచి 40 శాతమే! మరొకరైతే ఆ మొక్కను జాబితాలోంచి కొట్టేసేవారు. ఆవిడ మళ్లీ పుస్తకం తెరిచింది. నాలుగో శతాబ్దం నాటి గె హోంగ్ అనే ఆయన, పిడికెడు చింగ్‌హావ్‌ను నీళ్లలో నానవేసి, పిండి, ఆ రసం తాగమన్నాడు. పిండమన్నాడే గాని కాచమనలేదు! మూలిక అనగానే కషాయం కాచడం అక్కడా ఆచారమే. మరి ఈయన ఎందుకు కాచమనలేదు? వేడికి గుణం చెడిపోతుందేమో!

అంతే. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథరుతో సారం తీశారు. 1971 అక్టోబరు 4న, 191వ నమూనా ఎలుకల రక్తంలో మలేరియా క్రిమి అన్నది లేకుండా చేసింది. 1972లో ఆవిడా, మరి ఇద్దరు తోటివారూ ముందు తామే ఆ మందు మింగి, ప్రమాదం లేదని తేల్చుకున్నారు. ఆ తరువాతనే హైనాన్ దీవిలో 21 మంది రోగులకు ఇచ్చారు. ఆ సారంలోంచి వేరుచేసిన పదార్థమే ఆర్టెమిసినిన్. 2015లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానంలో సగభాగం ఆవిడకు దక్కింది.

ఆ మొక్క మనకు మరీ పరాయిది కాదు. వినాయకచవితినాడు పత్రిలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రికి దాయాది. దాయాదే గాని అదే కాదు. కనుక చవితి పత్రి దాచుకుని కషాయం కాచకండి.

ఈ కథ వినిపిస్తే మా మేనత్త పొంగిపోయింది. “చూశావురా, పెద్దవాళ్లు చెప్పింది వట్టిపోదు. చలిజ్వరానికి నేలవేము కషాయం ఇస్తే మర్నాటికి ఒళ్లు చల్లబడి తీరాల్సిందే!” అంది.

“చల్లబడుతుంది అత్తయ్యా. ఇవ్వకపోయినా చల్లబడుతుంది. అది రోజు విడిచి రోజు వచ్చే జ్వరం కదా!” అన్నాను.

చిక్కంతా ఇక్కడే ఉంది. జ్వరం విడిచిన రోజున ఏది తాగితే దానికే కీర్తి. కాని 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రోగం ఉన్నది రక్తంలో. గుణం తెలియవలసిందీ రక్తంలోనే గాని నుదుటిమీద చెయ్యిపెట్టి కాదు. క్రిమి మిగిలిపోతే పసిపిల్లల విషయంలో జాప్యం ప్రాణాంతకం. ఆర్టెమిసినిన్ మొక్క ఆకులనే టీ కాచి తాగడాన్ని సైతం ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒప్పుకోదు. ఏ ఆకులో ఎంత మందుందో తెలియదు. చాలీచాలని మోతాదుకు క్రిమి చావకపోగా రాటుదేలుతుంది. మాత్రలోనైనా దానికి మరో మందు జతచేసి ఇస్తున్నది అందుకే.

కాబట్టి జ్వరం తగిలితే ముందు రక్తపరీక్ష, డాక్టరు చెప్పిన మందు. పెద్దల యోగాలను వెక్కిరించవద్దు, పరీక్షకు పంపుదాం. ఈ మాటే అత్తయ్యతో అంటే, “పరీక్షించుకోండిరా, నా నేలవేముకేం భయం?” అంది. పాతవిద్య పక్షాన ఇంతకంటె మంచిమాట నేను వినలేదు.