రంగు చేపల పెంపకం: నష్టం మొదలయ్యేది సంచి విప్పేటప్పుడే

కృష్ణా డెల్టాలో చేపల సాగు కొత్త కాదు. అయితే ఎకరాల్లో చెరువు తవ్వే స్తోమత లేని చిన్న రైతుకు ఈ రంగంలో చోటు తక్కువ. రొయ్యల సాగులో ధర మన చేతిలో ఉండదని 2025 ఆగస్టులో మరోసారి తెలిసింది. ఆ నెల 27 నుంచి మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరడంతో ఆ దెబ్బ రొయ్య ధర మీద పడింది. ఇలాంటి పరిస్థితుల్లో పెరట్లో రెండు మూడు తొట్లు కట్టుకుని రంగు చేపలు పెంచితే ఎలా ఉంటుందని ఆలోచించే రైతులున్నారు.

ప్రభుత్వ పథకంలోనూ దీనికి చోటుంది. 2020లో మొదలై, తర్వాత 2025-26 వరకు పొడిగించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయలు, మధ్యస్థ యూనిట్‌కు 8 లక్షల రూపాయలు యూనిట్ ఖర్చుగా నిర్ణయించారు. ఇందులో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం రాయితీ ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో రైతు సేవా కేంద్రంలోని మత్స్య సహాయకుల్ని అడిగి తెలుసుకోవాలి.

రాయితీతో తొట్టి వస్తుంది, మోటారు వస్తుంది. కానీ పిల్ల బతకాలంటే సంచి విప్పే రోజు ఏం చేయాలో రైతుకు తెలిసి ఉండాలి. ఈ వ్యాసం ఆ ఒక్క రోజు గురించే.

దూరం నుంచి వచ్చే పిల్ల

తిలాపియా పెంచే కంకిపాడు రైతుకు పిల్ల దగ్గర్లోనే దొరుకుతుంది. గుడివాడ వెళ్లే దారిలోని మానికొండలో ఎంపెడాకు చెందిన ఆర్‌జీసీఏ గిఫ్ట్ తిలాపియా కేంద్రం ఉంది. అక్కడి నుంచి సంచి తెచ్చి చెరువులో వదలడం గంట, రెండు గంటల పని.

రంగు చేపల సంగతి వేరు. గప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్, ఏంజెల్ వంటి వాటికి పెద్ద ఉత్పత్తి కేంద్రాలు చెన్నై కొళత్తూరు, కోల్‌కతా పరిసరాలు. ఫోన్లో ఆర్డరు పెడితే రైలు పార్సిల్‌లోనో, రాత్రి బస్సులోనో పెట్టెలు వస్తాయి. చెన్నై నుంచి విజయవాడకు రైలు ప్రయాణం 6, 7 గంటలే. అయితే ప్యాకింగ్ అయ్యాక స్టేషన్లో ఆగిన సమయం, విజయవాడ పార్సిల్ ఆఫీసులో ఆగిన సమయం, అక్కడి నుంచి ఊరికి చేరే సమయం కలిపితే 12 నుంచి 16 గంటలు సులువుగా అవుతుంది. కోల్‌కతా నుంచి అయితే ఒక రోజు దాటుతుంది.

కాబట్టి రైలు ఎన్ని గంటల్లో వచ్చిందన్నది మనకు ముఖ్యం కాదు. సంచికి రబ్బరు బ్యాండు వేసినప్పటి నుంచి మనం విప్పేదాకా ఎన్ని గంటలు గడిచాయో లెక్క వేసుకోవాలి.

సంచిలో ఏం జరుగుతుంది?

సంచిలో సుమారు మూడో వంతు నీరు, మిగతా భాగం ఆక్సిజన్ ఉంటాయి. చేప ఊపిరి తీసుకునే కొద్దీ నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దాంతో నీటి పీహెచ్ పడిపోతుంది. మరోపక్క చేప విసర్జించే అమ్మోనియా పేరుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం రైతుకు మేలు చేస్తుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమ్మోనియాలో చాలా భాగం చేపకు అంతగా హాని చేయని రూపంలోనే ఉంటుంది. అందుకే మురికి నీటిలో ఉన్నా చేప ప్రయాణం తట్టుకుంటుంది.

సంచి మూతి విప్పి గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 6.5 నుంచి 8కి పెరిగితే విషపూరితమైన అమ్మోనియా భాగం దాదాపు 30 రెట్లు అవుతుంది. రాత్రంతా బతికిన చేప మన ఇంట్లో, మన కళ్ల ముందు, అరగంటలో తేలిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పాత అలవాటు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

సంచి విప్పి, తొట్టి నీరు కొద్దికొద్దిగా కలుపుతూ గంటసేపు అలవాటు చేయాలన్నది అందరూ చెప్పే మాట. దగ్గర నుంచి, రెండు మూడు గంటల్లో వచ్చిన పిల్లకు ఇది మంచి పద్ధతే. సంచి నీటిలో అమ్మోనియా పెద్దగా ఉండదు కనుక నెమ్మదిగా నీరు కలపడం వల్ల మేలే జరుగుతుంది.

రాత్రంతా ప్రయాణించిన సంచికి మాత్రం ఈ పద్ధతి ఎదురు తిరుగుతుంది. తొట్టి నీరు కలిపే కొద్దీ పీహెచ్ పెరుగుతుంది, పాత నీటిలోని అమ్మోనియా విషంగా మారుతుంది, చేప ఆ నీటిలోనే గంటసేపు ఉంటుంది. ఇలాంటి సంచిని విప్పాక చేపను వీలైనంత త్వరగా మంచి నీటిలోకి మార్చాలి.

మరి నీటి తేడా వల్ల వచ్చే దెబ్బ మాటేమిటి? దానికి జవాబు చేప రాకముందే సిద్ధం కావాలి. వచ్చాక హడావిడిగా చేపను మన నీటికి అలవాటు చేసే బదులు, ముందు రోజే మన నీటిని చేపకు తగ్గట్టు సిద్ధం చేసుకోవాలి.

ముందు రోజు చేయాల్సినవి

1. అమ్మే వారికి ఫోన్ చేసి వారి తొట్టిలో నీటి పీహెచ్, టీడీఎస్, ఉష్ణోగ్రత అడగాలి. సంచిలోని పీహెచ్‌ను కొలిచి దానికి సరిపెట్టకూడదు. అది కార్బన్ డయాక్సైడ్ వల్ల తాత్కాలికంగా తగ్గిన అంకె. అమ్మకందారు తొట్టిలోని అంకే మనకు లెక్క.

2. మన నీటిని కొలవాలి. టీడీఎస్ మీటరు, పీహెచ్ కిట్, థర్మామీటరు ఉంటే చాలు. సముద్రం వైపు వెళ్లే కొద్దీ డెల్టా బోరు నీటిలో ఉప్పదనం పెరుగుతుంది. పక్క ఇంటి బోరుకూ మన బోరుకూ కూడా తేడా ఉండవచ్చు.

3. మన నీటి టీడీఎస్ వారి నీటికి రెట్టింపు కంటే ఎక్కువైతే, విడి టబ్బులో ఆర్వో నీరు గానీ నిల్వ చేసిన వాన నీరు గానీ కలిపి వారి అంకెకు దగ్గరగా తేవాలి. తర్వాత రోజుకు 10 నుంచి 15 శాతం చొప్పున మన నీటిని మార్చుకుంటూ పోవాలి. ఉప్పదనం తేడాకు చేప శరీరం సర్దుకోవడానికి రోజులు పడుతుంది, గంటలో అయ్యే పని కాదు.

4. బోరు నీటిని అప్పటికప్పుడు తోడి వాడకూడదు. అందులో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. 24 గంటలు గాలి పంపు పెట్టి ఉంచాలి. కుళాయి నీరైతే క్లోరిన్ పోయేలా ఒక రోజు గాలి పట్టించాలి లేదా హైపో వాడాలి. కాలువ నీరైతే ఎగువ పొలాల్లో పురుగు మందు కొట్టే రోజుల్లో తోడకూడదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక కాలువ ఒక్కదాన్నే నమ్ముకుని ఈ పని మొదలుపెట్టకూడదు.

5. కొత్త సిమెంటు తొట్టిలో నేరుగా చేప వేయకూడదు. సిమెంటులోని సున్నం దిగి పీహెచ్ బాగా పెరుగుతుంది. రెండు మూడు వారాలు నీరు నింపి, మారుస్తూ, పీహెచ్ నిలకడగా ఉందని కొలిచి చూశాకే వాడాలి. రాయితీ తొట్టి కట్టిన వారమే పిల్లకు ఆర్డరు పెట్టడం చాలా ప్రమాదం.

పెట్టె వచ్చిన రోజు

ఉదయం పూట లేదా చల్లని వేళ విప్పే ఏర్పాటు చేసుకోవాలి. మేలో విజయవాడ ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. ఆ రోజుల్లో ఆర్డరు పెట్టకపోవడమే మంచిది. పెట్టాల్సి వస్తే థర్మోకోల్ పెట్టెలో, రాత్రి ప్రయాణంలో వచ్చేలా చూసుకోవాలి.

- పెట్టెను నీడలో తెరవాలి. చీకటిలో ఉన్న చేప ఒక్కసారిగా ఎండ వెలుతురుకు బెదురుతుంది.
- సంచి విప్పక ముందే ఫోటో, వీడియో తీయాలి. చనిపోయిన చేపలకు పరిహారం అడగాలంటే చాలామంది అమ్మకందారులు విప్పని సంచి వీడియో అడుగుతారు. ఈ షరతులు ఆర్డరు పెట్టేటప్పుడే మాట్లాడుకోవాలి.
- మూసిన సంచిని టబ్బు నీటిలో 15 నుంచి 20 నిమిషాలు తేలనివ్వాలి. సంచికీ టబ్బుకూ ఉష్ణోగ్రత తేడా 2 డిగ్రీలకు మించకుండా చూడాలి. సంక్రాంతి రోజుల్లో తొట్టి నీరు చల్లగా ఉంటుంది కనుక మరికొంత సేపు పట్టవచ్చు.
- అన్ని సంచులూ ఒకేసారి విప్పకూడదు. ఒక సంచి పని పూర్తయ్యాకే రెండోది విప్పాలి.
- విప్పిన వెంటనే మెత్తటి వల మీదుగా నీటిని బేసిన్‌లోకి వంపి, చేపల్ని టబ్బులోకి వదలాలి. సంచి నీరు చుక్క కూడా టబ్బులో పడకుండా చూడాలి.
- టబ్బులో గాలి పంపు ఆపకుండా నడవాలి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. బ్యాటరీతో నడిచే చిన్న పంపు దగ్గర ఉంచుకోవడం మేలు.
- మొదటి రోజు మేత వేయకూడదు. రెండో రోజు నుంచి చిటికెడు చొప్పున మొదలుపెట్టాలి. ఆకలితో చేప ఒక్క రోజులో చావదు, మిగిలిన మేత కుళ్లితే మాత్రం చస్తుంది.

రెండు, మూడు వారాలు విడిగా

కొత్త చేపను నేరుగా పాత తొట్టిలో కలపకూడదు. 14 నుంచి 21 రోజులు విడి టబ్బులో ఉంచాలి. తెల్ల చుక్కలు, రెక్కలు ముడుచుకోవడం, గోడకు ఒళ్లు రాసుకోవడం వంటి లక్షణాలు ఈ రోజుల్లోనే బయటపడతాయి. ఆ టబ్బు వల, బకెట్ వేరే తొట్టికి వాడకూడదు.

ఇది రంగు చేపలకే పరిమితమైన విషయం కాదు. గోల్డ్‌ఫిష్‌ను చంపే హెర్పిస్ వైరస్ పశ్చిమ బెంగాల్ ఫారాల్లో ఉన్నట్టు శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించారు. గోల్డ్‌ఫిష్, కోయి కార్పులు మన బొచ్చె, రాగండి కుటుంబానికి చెందినవే. పేను, బాక్టీరియా జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి. పక్కనే చేపల చెరువు ఉన్న ఊళ్లో ఈ జాగ్రత్త పొరుగు రైతుకూ రక్ష. అనుమానం ఉంటే 2023లో కేంద్ర మత్స్యశాఖ తెచ్చిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ యాప్‌లో ఫోటోతో తెలియజేయవచ్చు.

సంచి నీటిని కాలువలో గానీ చెరువులో గానీ పోయకూడదు. బ్లీచింగ్ పొడి కలిపి, చేపలున్న చోటికి దూరంగా, పొడి నేల మీద పారబోయాలి. అమ్ముడుపోని చేపల్నీ కాలువలో వదలకూడదు. అద్దాలు శుభ్రం చేస్తుందని అక్వేరియం షాపుల్లో అమ్మే సక్కర్ చేప బయట నీళ్లలో పడి పెరిగి ఇప్పుడు వలలు చింపుతోంది. మనవాళ్లు దాన్ని దెయ్యం చేప అంటున్నది అందుకే. నీటి నమూనాలోని డీఎన్ఏ ద్వారా దాని ఉనికి కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించాల్సి వచ్చిందంటే సమస్య ఎంతదో ఊహించవచ్చు.

లెక్క వేసి చూద్దాం

ఒక రైతు 600 గప్పీ పిల్లలు ఒక్కోటి 8 రూపాయలకు కొని, ప్యాకింగ్, రవాణాకు 1,200 రూపాయలు పెట్టారనుకుందాం. మొత్తం 6,000 రూపాయలు, పిల్లకు 10 రూపాయలు పడింది. సంచి విప్పిన వారంలో 200 పోతే, మిగిలిన 400 పిల్లల మీద ఒక్కోటికి 15 రూపాయలు పడినట్టు. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, ఎవరి ధర వారు వేసుకోవచ్చు. మేత, కరెంటు, శ్రమ ఇంకా కలపలేదు. మూడింట ఒక వంతు పిల్ల పోతే లాభం మొదటి వారంలోనే పోయినట్టు. మీటర్లు, కిట్ కొన్న ఖర్చు ఒకటి రెండు పెట్టెల్లోనే తిరిగి వస్తుంది.

మొదటిసారి పెట్టే వారికి

మన నీటిని బట్టి చేపను ఎంచుకోవాలి. సున్నపు నీరు, కాస్త ఉప్పదనం ఉన్న బోరు అయితే మోలీ, గప్పీ, ప్లాటీ తట్టుకుంటాయి. నియాన్ టెట్రా, డిస్కస్ మెత్తటి నీటి చేపలు. ధర ఎక్కువ పలుకుతాయని వాటితో మొదలుపెడితే నీటితో రోజూ పోరాటమే.

మొదటి ఆర్డరు చిన్నదిగా, ఒకే రకంతో పెట్టాలి. ఎన్ని వచ్చాయి, మొదటి రోజు ఎన్ని పోయాయి, ఏడో రోజుకు ఎన్ని మిగిలాయి, ఆ రోజు నీటి పీహెచ్, ఉష్ణోగ్రత ఎంత అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. మూడు పెట్టెలు వచ్చేసరికి మన నీటికి ఏ చేప నిలుస్తుందో, ఎవరి దగ్గర పిల్ల ఆరోగ్యంగా ఉంటుందో ఆ పుస్తకంలోనే కనిపిస్తుంది. రెండో తొట్టి కట్టాలా వద్దా అన్న నిర్ణయం అది చూశాకే తీసుకోవాలి.